అనుమతి లేని రెండొందల వరుసలు

మా పిన్ని చేసే పనేమిటో మా ఇళ్లలో ఎవరికీ సరిగ్గా తెలియదు. మా అమ్మనడిగితే “కంప్యూటర్లో కాగితాలు చూస్తుంది” అంటుంది. బాబాయి మరీ అన్యాయం. “ఊళ్లోవాళ్ల షరతులన్నీ చదివొచ్చి నా మీద ప్రయోగిస్తుంది” అంటాడు. ఏడాదిన్నరగా ఆమె పక్క బల్ల నాదే కాబట్టి నేను చెప్పగలను. చెప్పాలనీ ఉంది. మొన్న శుక్రవారంతో గండం గడిచింది. ఇప్పుడు నిమ్మళంగా కూర్చుని రాయొచ్చు.

సాఫ్ట్‌వేర్ అంటే మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఆ కంపెనీవాళ్లే కూర్చుని రాస్తారని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కాదని కాలేజీలో ఎవరూ చెప్పలేదు, లేదా చెప్పిన రోజు నేను వెళ్లలేదు. మా ఆఫీసు సరుకులో మేం రాసింది పదో వంతు. మిగతాదంతా లోకంలో ఎవరెవరో రాసి, “ఎవరైనా వాడుకోండి, కానీ...” అని ఇంటర్నెట్‌లో పెట్టింది. ఆ “కానీ” తరవాత ఉన్నదే లైసెన్సు. ఒకాయన “కానీ నా పేరు చెరపొద్దు” అంటాడు. ఇంకొకాయన “కానీ నాది కలుపుకుంటే మీదీ అందరికీ చూపించాలి” అంటాడు. మూడో ఆయన నాలుగు పేజీలు రాస్తాడు. పైగా ఇవి ఒంటరిగా రావు. ఒకణ్ణి పిలిస్తే బావమరుదులూ తోడల్లుళ్లూ అందరూ దిగుతారు, ప్రతివాడికీ ఓ “కానీ” ఉంటుంది. మా సరుకులో అలాంటి ముక్కలు రెండువందల పదమూడు. ఆ “కానీ”లన్నీ చదివి, వాటి ప్రకారం నడుచుకుంటున్నామో లేదో చూసి, జాబితా రాసి, కింద సంతకం పెట్టడం మా పిన్ని పని.

ఈ పనిలోకి ఆమె చదువుకుని రాలేదు. అంతకుముందు బడి పుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది. పుస్తకంలో ఎవరి బొమ్మ వేసినా, ఎవరి పద్యం వేసినా వాళ్ల దగ్గర అనుమతి ఉత్తరం తెప్పించేదీ ఆమే. ఒక ఏడాది ఐదో తరగతి వాచకంలో ఒక వంతెన ఫోటో వేశారు. ఉత్తరం ఏదని అడిగితే “ఉంది, తరవాత ఇస్తా” అన్నాడు పైనున్నాయన. పిన్ని నమ్మి సంతకం పెట్టింది. తీరా చూస్తే ఉత్తరం లేదు, ఫోటో తీసినాయన ఒప్పుకోనూ లేదు. పుస్తకాలు అప్పటికే అచ్చయి గోడౌన్‌లో ఉన్నాయి. తొమ్మిది రోజులు పిన్నీ, మరో నలుగురు ఆడవాళ్లూ నేల మీద కూర్చుని, బ్లేడుతో ఒక్కో పుస్తకంలోంచి ఆ పేజీ కోశారు. ఫోటో వెనకవైపు ఒక పాఠం రెండో సగం ఉంది. అదీ పోయింది. ఆ ఏడాది పిల్లలంతా ఆ పాఠాన్ని సగం దాకా చదివి, తరవాత ఏమైందో తెలియకుండానే ఆరో తరగతికి వెళ్లిపోయారు. పిన్నిని ఎవరూ ఒక్క మాటా అనలేదు. అదే ఆమెను ఇంకా తొలిచేసింది.

ప్రెస్సు మూతపడ్డాక మా ఓనరు గారు సాఫ్ట్‌వేర్ వాడే విధానం పుస్తకాలు దిద్దడానికి ఆమెను తీసుకున్నారు. లైసెన్సులు చదివే ఓపిక ఆఫీసులో ఎవరికీ లేకపోవడంతో అవీ నెమ్మదిగా ఆమె బల్ల మీదికే చేరాయి. ఎనిమిదేళ్లయింది.

ఆమెకు కోడు రాయడం రాదు, చదవడం అంతంతమాత్రం. కోడు రాసేవాళ్లు మధ్యమధ్యలో మనుషుల కోసం మామూలు మాటల్లో కొన్ని గుర్తులు రాసుకుంటారు, వాటిని కామెంట్లు అంటారు. పిన్ని చదివేది అవి. స్టీలు స్కేలు తీసి కంప్యూటర్ తెర మీద వరుస కింద ఆనించి, వరుస అయ్యాక కిందికి జరుపుతూ చదువుతుంది. ప్రెస్సు అలవాటు. తెర నిండా సన్నటి గీతలు. కొత్త తెర ఇస్తామంటే “దీనికీ గీతలు పడాలి కదా, మళ్లీ మొదట్నుంచీ ఎందుకు” అంది.

ఇక నా సంగతి. ఇంజనీరింగు రెండో ఏడాది మధ్యలో మానేశాను. ఎందుకని అడిగినవాళ్లకు రోజుకో కారణం చెప్పేవాణ్ణి. మా అమ్మ విసిగిపోయి సూట్‌కేసుతో సహా తీసుకొచ్చి పిన్ని ఇంట్లో దించింది. పిన్ని నన్ను తన ఆఫీసులో దించింది. ఆఫీసులో పిన్ని అని పిలవొద్దు, మేడమ్ అనాలి అని మొదటిరోజే హెచ్చరించింది. నేను పిన్ని అనే అన్నాను. నెల తిరిగేసరికి ఆమెకంటే ఆరేళ్లు పెద్దయిన ఓనరు గారితో సహా అందరూ పిన్ని అనడం మొదలుపెట్టారు. ఆ కోపం ఆమెకు ఇంకా నా మీద ఉంది.

మా ఆఫీసు కళ్లజోళ్ల దుకాణం పైన, రెండో అంతస్తులో. మొత్తం పన్నెండు మందిమి. మేం చేసేది రక్తనిధులకు కావలసిన సాఫ్ట్‌వేర్. రక్తం సంచి ఫ్రిజ్‌లోంచి బయటికి వచ్చిన ప్రతిసారీ ఎన్ని నిమిషాలు బయట ఉంది, ఎంత వేడిలో ఉంది, ఇంకా పనికొస్తుందా, పారేయాలా అన్నది అది లెక్కకట్టి చెబుతుంది. రెండేళ్లు తిరగ్గా తిరగ్గా ఒక పెద్ద రక్తనిధుల సంస్థ మా సరుకు తీసుకోవడానికి ఒప్పుకుంది. షరతు ఒక్కటే. లోపల ఏమేం ముక్కలున్నాయి, ఏది ఎవరిది, ఏ అనుమతితో వాడుతున్నారు అన్న జాబితా శుక్రవారం సాయంత్రం నాలుగింటిలోగా బాధ్యుల సంతకంతో అందాలి. లేకపోతే వరసలో రెండో కంపెనీ ఉంది. సోమవారం పొద్దున ఓనరు గారు అందరినీ నిలబెట్టి ఉన్నమాట చెప్పేశారు. ఇది పోతే తాళం వేసి ఎవరి దారిన వాళ్లం వెళ్లడమే.

ఆ సంతకం పెట్టాల్సింది పిన్ని.

ఆమె నిశ్చింతగానే ఉంది. రెండువందల పదమూడు ముక్కలూ ఎప్పుడో చదివేసింది. అయితే ఈసారి జాబితాలో “మా సొంతం” అన్న భాగానికీ సంతకం అడిగారు. సొంతానిది ఎప్పుడూ చదవలేదు కదా, ఓసారి చూసేద్దామని స్కేలు తీసింది. పదకొండింటికి ఆ స్కేలు ఒకచోట ఆగిపోయింది.

“ఒరేయ్, రక్తనిధిలో పాలక్యాను ఎందుకుంటుందిరా?”

“ఏ పాలక్యాను?”

“ఇదిగో రాసుంది. ‘క్యాను ఎండలో నిలబడితే ఒక నిమిషాన్ని మూడుగా లెక్కించు.’ కింద ఇంకోటి. ‘నీలం మూత ట్యాంకరు ఆలస్యమైతే రెండో షిఫ్టువాళ్లను అడుగు.’ మనకు ట్యాంకరెక్కడిదిరా?”

నేను కుర్చీ జరిపి తొంగిచూడబోయాను. స్కేలుతో నా మోకాలి మీద ఒక్కటిచ్చింది.

“ఆగు. ఇంతకుముందు ఈ ఫైలు తెరిచావా నువ్వు?”

“లేదు.”

“అయితే ఇప్పుడూ తెరవకు. అటు తిరుగు.”

తిట్లు తినడం అలవాటే కాబట్టి తిరిగాను. ఆమె మా సీనియర్‌ను పిలిచింది. ఆయన్ని మేం అయిపోయిందన్న అంటాం. ఏ పని ఎప్పుడు అడిగినా ఆయన చెప్పే జవాబు అదే.

“నాయనా, ఈ ఫైలు నువ్వే రాశావా?”

“ఆఁ... రాశానంటే... పెట్టాను పిన్నీ.”

“రాయడం వేరు, పెట్టడం వేరు కదా.”

“నెట్‌లో దొరికింది. రెండొందల వరుసలే. లెక్క చక్కగా తేలుస్తోంది. లైసెన్సు ఉందేమోనని చూశాను కూడా. ఖాళీ. ఏ షరతూ పెట్టలేదు కదా అని మన ఫోల్డర్‌లో వేసేశా.”

పిన్ని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. అది మంచి గుర్తు కాదు.

“గేటు లేని ఇల్లు కనిపిస్తే లోపలికెళ్లి మంచమెక్కి పడుకుంటావా?”

“అదేంటి పిన్నీ...”

“షరతు లేదంటే అడ్డు లేదని కాదు నాయనా. అనుమతే లేదని. ‘వాడుకోండి’ అన్న మాట ఆయన అనలేదు. అననంతకాలం అది పూర్తిగా ఆయనదే. షరతులున్నవాళ్లతో ఎలాగో సర్దుకుంటాం. ఏమీ అనని మనిషితో ఏం చేస్తాం?”

అయిపోయిందన్న ముఖం పాలిపోయింది. పాపం, దొంగబుద్ధి ఏమీ లేదు. మా పనిలో ఉన్నవాళ్లలో సగంమంది ఇదే తప్పు చేస్తారు. నేనైతే ఆ లైసెన్సు గడి ఖాళీగా ఉందో లేదో కూడా చూసేవాణ్ణి కాదు. ముక్కల్ని దానంతటదే వెతికి పట్టే సాఫ్ట్‌వేర్ కూడా ఒకటి ఉంది మాకు. కానీ ఫైలు మా ఫోల్డర్‌లో ఉండటంతో అదీ మాదే అనుకుని పచ్చగుర్తు పెట్టేసింది.

ఓనరు గారికి సంగతి తెలిసింది. కంగారులో ఉంటే ఆయన చొక్కా అంచుతో కళ్లజోడు తుడుస్తూనే ఉంటారు.

“ఎవరు చూస్తారు పిన్నిగారూ? రెండొందల వరుసలు.”

“నేను చూశాను కదండీ.”

“ఆ ఫైలు తీసేస్తే?”

“తీసేస్తే నిమిషాల లెక్క పోతుంది” అన్నాడు అయిపోయిందన్న నేల చూస్తూ. “మనం అమ్మేదే ఆ లెక్క.”

“పోనీ నువ్వే మళ్లీ కొత్తగా రాయవయ్యా!”

పిన్ని తల అడ్డంగా ఊపింది. “అతను దాన్ని చదివాడండీ. చూసినవాడు రాస్తే చేతిరాత మారుతుంది గానీ కాపీ కాపీయే. చూడనివాళ్లు రాయాలి.”

చూడనివాళ్లు ఎవరని వెతికితే, గత ఆరు నెలల్లో అందరూ ఏదో ఒక పనిమీద ఆ ఫైలు తెరిచారు. ఒక్కడు తప్ప. అందరూ నావైపు తిరిగారు. ఏమీ చదవకపోవడం అర్హతగా మారడం నా జీవితంలో అదే మొదటిసారి.

అలా రెండు దారులు పెట్టుకున్నాం. ఒకటి, ఆ రాసిన మనిషిని పట్టుకుని అనుమతి రాయించుకోవడం. రెండు, దొరక్కపోతే నేను రాసింది వాడటం. శుక్రవారం నాలుగింటికి రెండింట్లో ఒకటి చేతిలో ఉండాలి. లేకపోతే పిన్ని సంతకం పెట్టదు. ఆ మాట ఓనరు గారి ముఖం మీదే చెప్పింది. పదకొండు మంది బతుకులు తన పెన్ను కొన మీద ఉన్నాయని ఆమెకు తెలియదా? అందులో ఇద్దరికి చంటిపిల్లలు. వాళ్లెవరూ ఆమెను ఏమీ అనలేదు. టీ తాగేటప్పుడు మాత్రం కొంచెం పక్కకు జరిగి నిలబడ్డారు.

నా బల్లను గోడకు తిప్పారు. లెక్క ఎలా రావాలో పిన్ని రక్తనిధివాళ్ల నియమాలు చూసి రెండు కాగితాల మీద రాసిచ్చింది. ఆ ఫైలు ఊసు అందులో ఎక్కడా రాకూడదని ప్రతి వాక్యం రెండుసార్లు చూసుకుంది. సరిపోల్చడానికి నలభై సంచుల వివరాలు ఇచ్చారు. మంగళవారం సాయంత్రానికి నా కోడు పంతొమ్మిది సంచుల లెక్క సరిగ్గా చెప్పింది.

“సగం వచ్చేసినట్టేగా” అన్నాను.

“ఆసుపత్రిలో పడుకున్నవాడితో ఆ మాట అను” అంది పిన్ని.

రాసిన మనిషి సంగతి ఇంకా అయోమయం. ఆ పేజీలో అసలు పేరు లేదు, ఏదో మారుపేరు. పదకొండేళ్ల కిందట పెట్టాడు, మళ్లీ అటు తొంగిచూడలేదు. కింద ఉన్న చిరునామాకు మెయిల్ పంపితే అలాంటి చిరునామాయే లేదని తిరిగొచ్చింది. పిన్నికి దొరికిన ఆధారాలల్లా ఆయన కామెంట్లే. వాటిని నాకు కనబడకుండా ఒక నోటుపుస్తకంలోకి ఎక్కించుకుంది. మంగళవారం భోజనాల దగ్గర నన్ను వరండాలోకి పంపేసి బాబాయికి చదివి వినిపించింది. మా బాబాయి చల్లగదులు, పెద్ద ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్కు. పిన్ని ఏమడిగిందో తరవాత ఆయనే చెప్పాడు.

“ఏవండీ, పాల డెయిరీలో నీలం మూత ట్యాంకరు అంటే ఏంటి?”

“ఒక్కో డెయిరీకి ఒక్కో లెక్క. రంగుల మూతలు పెట్టేది పొద్దుటి పాలూ మధ్యాహ్నం పాలూ కలిసిపోకుండా.”

“నీలం పెట్టేది ఎవరో కనుక్కోగలరా?”

“లోకంలో ఉన్న డెయిరీలన్నీ తిరగమంటావా ఏంటి?”

“మీ మెకానిక్కుల గుంపు ఉందిగా ఫోన్లో. రోజంతా జోకులు పంపుకుంటారు. ఒక్క పనికొచ్చే మాట అడగండి.”

బాబాయి అడిగాడు. బుధవారమంతా ఆ గుంపులో వచ్చిన జవాబులు ఇక్కడ రాసేలా లేవు. రక్తానికీ పాలకూ ఉన్న సంబంధం మీద ఎవడికి తోచింది వాడు రాశాడు. బాబాయి పడీపడీ నవ్వుతుంటే పిన్ని చూసిన చూపుకు ఫోను తిప్పి పెట్టేశాడు.

గురువారం నాకు ముప్ఫై ఏడు సంచులు వచ్చాయి. ఆ మిగిలిన మూడూ ఎంత కొట్టుకున్నా రాలేదు. దాపరికం లేకుండా చెప్పాలంటే, పాడైపోయిన మూడు సంచుల రక్తాన్ని నా కోడు మంచిదనేసింది. సాయంత్రం అయిపోయిందన్న నా వెనక నిలబడి తెర చూడకుండా గోడ చూస్తూ అన్నాడు, “సాయం చేద్దామంటే నేను చూసినవాణ్ణి అయిపోయాను తమ్ముడూ.” ఆయన గొంతు అంత మెత్తగా ఎప్పుడూ వినలేదు. మెట్ల మీద కూర్చుని ఉంటే పిన్ని వెళ్లి పక్కన కూర్చుంది.

“నన్ను తిట్టు పిన్నీ. తిడితే తేలిగ్గా ఉంటుంది.”

“తిట్టను. నువ్వు చూశానన్న నిజం చెప్పావు. చూడలేదని చెప్పి ఉంటే నువ్వే రాసేవాడివి, నేనూ సంతకం పెట్టేసేదాన్ని. అప్పుడేమయ్యేది?”

ఆ సాయంత్రం ఆరున్నరకు బాబాయి ఫోను మోగింది. గుంపులోని ఒక పెద్దమెకానిక్కు. “నీలం మూత పెట్టే డెయిరీలో నేను కంప్రెసర్లు చూశా. అక్కడో సూపర్‌వైజరు ఉండేవాడు, కంప్యూటర్ పిచ్చి. నిమిషాలూ డిగ్రీలూ తప్ప వేరే మాట లేదు. నంబరు పంపిస్తున్నా.” పిన్ని అప్పటికప్పుడే చేసింది. ఆయన భార్య ఎత్తింది.

“ఆయన పడుకున్నారమ్మా.”

“ఏడు కూడా కాలేదు కదండీ?”

“ముప్ఫై ఏళ్లు డెయిరీలో చేశారమ్మా. మూడున్నరకు లేస్తారు. ఇప్పుడు లేపితే మళ్లీ నిద్రపట్టక రాత్రంతా నన్ను లేపుతారు. పొద్దున ఎన్నింటికైనా చెయ్యండి.”

శుక్రవారం పొద్దున ఆరింటికి వంటింటి బల్ల చుట్టూ ముగ్గురం కూర్చున్నాం. పిన్ని ఫోను స్పీకర్‌లో పెట్టింది. ఆయన అప్పటికే రెండుసార్లు కాఫీ తాగేసి ఉన్నాడు, గొంతు ఖంగుమంటోంది.

“రాసింది నేనేనమ్మా. ఇంకా ఉందా అది? రక్తానికి వాడుతున్నారా? అరే! వాడుకోండి, నేనేం కాదన్నానా?”

బాబాయి గాల్లోకి పిడికిలి విసిరాడు. పిన్ని కదల్లేదు.

“సంతోషమండీ. ఆ మాటే ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వండి.”



“సంతకమెందుకమ్మా?”

“నోటిమాట జాబితాలోకి ఎక్కదండీ.”

“అంటే రేపు ఎవరికైనా రక్తం తేడా చేస్తే, నా సంతకం చూపించి నన్ను లాగుతారా? పాల లెక్క అది. రక్తానికి వాడమని నేను చెప్పానా? అందుకే ఆ రోజు లైసెన్సూ గీసెన్సూ ఏదీ పెట్టలేదు. వద్దమ్మా, నన్నొదిలెయ్యండి.”

ఫోను పెట్టేశాడు.

నేను నా మూడు సంచుల గురించి ఆలోచిస్తున్నాను. మధ్యాహ్నంలోగా అవి రావు, నాకు తెలుసు. “మళ్లీ చెయ్యి, బతిమాలు” అన్నాడు బాబాయి. పిన్ని చెయ్యలేదు. అందరూ వాడే ఒక చిన్న లైసెన్సు ఉంది, ఇరవై వరుసలకు మించదు. దాన్ని తీసి, మామూలు మాటల్లోకి మార్చి, ఆయన ఫోనుకు రెండూ పంపింది. పావుగంట ఆగింది. ఆ పావుగంటలో గిన్నెలు కడిగింది, కడిగినవే మళ్లీ కడిగింది. అప్పుడు మళ్లీ ఫోను చేసింది.

“నేను మిమ్మల్ని ఒప్పించడానికి చెయ్యలేదండీ. ఆ కాగితం మీకు చదివి వినిపిస్తాను. వద్దంటే పెట్టేస్తాను.”

ఆయన ఊఁ అన్నాడు.

పిన్ని స్కేలు ఆనించి ఒక్కో వరుసా చదివింది. ఎవరైనా వాడుకోవచ్చు. మార్చుకోవచ్చు. రాసినవారి పేరు ఉంచాలి. “ఇప్పుడు చివరిది వినండి. ‘ఇది ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాను. ఏ హామీ లేదు. దీనివల్ల ఏ నష్టం వచ్చినా రాసినవారిది బాధ్యత కాదు.’”

“మళ్లీ చదవమ్మా అది.”

చదివింది.

“అంటే... ఇది మీకు రక్ష కాదు. నాకు రక్ష.”

“ఇద్దరికీనండీ. రక్తం లెక్క తప్పితే మాదే బాధ్యత. నలభై సంచులతో సరిచూసుకున్నాం, రక్తనిధివాళ్లు వాళ్ల పద్ధతిలో మళ్లీ చూసుకుంటారు. ఈ కాగితం పెట్టక, పదకొండేళ్లుగా ఏ రక్షా లేకుండా ఉన్నది మీరే.”

అవతల ఆయన నవ్వాడు. “లైసెన్సు అంటే నా కాళ్లకు కట్టే తాడనుకున్నానమ్మా ఇన్నాళ్లూ.”

నేను ఊపిరి వదిలాను. పిన్ని వదల్లేదు. నోటుపుస్తకం పేజీ తిప్పింది.

“ఇంకొక్క మాట. మీరు ఒకచోట ‘తూకం గది కుర్చీ విరిగింది, నిలబడి రాస్తున్నా’ అని రాసుకున్నారు. ఇది డెయిరీలో ఉండగా రాశారా? ఉద్యోగంలో రాసిందైతే అనుమతి ఇవ్వాల్సింది మీరు కాదు, డెయిరీ.”

బాబాయి నెత్తి కొట్టుకున్నాడు. అయిపోయిన పనిని ఈ మనిషి మళ్లీ మొదలుపెడుతోందేమిటన్నట్టు నావైపు చూశాడు. నాకూ అలాగే అనిపించింది. ఆ ఒక్క ప్రశ్న అడక్కపోతే ఎవరికి తెలుస్తుంది?

అవతల ఆయన పగలబడి నవ్వుతున్నాడు. “రిటైరయినరోజు ఏం కావాలని అడిగితే ఆ కుర్చీ ఇమ్మన్నానమ్మా. పదహారేళ్లు కూర్చున్న కుర్చీ. ఇంటికి తెచ్చిన నెలలోపే విరిగింది. మా ఆవిడనడుగు, ఇంకా అటక మీదే ఉంది. ఊసుపోక ఇంట్లో నిలబడి రాసిందమ్మా అది.”

“రిటైరయిన కాగితం ఉందాండీ? తేదీ కనబడాలి.”

“ఉంది. ఫోటో తీసి పంపుతా.”

తొమ్మిదిన్నరకు ఆఫీసులో ఆ ఫోటో తెరిచాం. రిటైరైన తేదీ, కోడు పెట్టిన తేదీ పక్కపక్కన రాసింది పిన్ని. రిటైరైన ఇరవై ఆరు రోజులకు పెట్టాడు. తేడా మనవైపే. పదింటికి సంతకం చేసిన కాగితం వచ్చింది. చేతిరాత గుండ్రంగా, పాల రిజిస్టరు రాసినట్టు. ఒకచోట అక్షరం కొట్టేసి పైన దిద్దాడు. పిన్ని ఆ దిద్దుబాటు పక్కన కూడా పొట్టి సంతకం పెట్టమని వెనక్కి పంపింది. ఓనరు గారు తలుపు దగ్గర నిలబడి చూసి, కళ్లజోడు తుడుచుకుంటూ వెళ్లిపోయారు.

మధ్యాహ్నం మరో ఫోను చేయాల్సి వచ్చింది, పేరు కోసం. జాబితాలోనూ, సాఫ్ట్‌వేర్ తెరిస్తే కనిపించే కృతజ్ఞతల పేజీలోనూ ఆయన పేరు ఉండాలి. మారుపేరు వేయాలా, అసలు పేరా అని అడిగింది పిన్ని.

ఆయన “అసలుదే వెయ్యండమ్మా” అన్నాడు. “ఆ పేజీ ఒకటి మాకూ పంపుతారా? మా ఆవిడకు చూపించాలి. ఊరికే నిలబడి కాలక్షేపం చేశాననుకుంటుంది.”

పేరు అక్షరం అక్షరం చెప్పాడు. పిన్ని రాసుకుని, మొదట్నుంచి చివరికీ, చివర్నుంచి మొదటికీ చదివి వినిపించింది. ప్రెస్సులో పేర్లు అలా సరిచూసేవారట. నా కోడు ఏం చెయ్యమని అడిగాను. తీసెయ్యమంది. ఏడాదిన్నరలో నేను మనసుపెట్టి చేసిన మొదటి పని అది, ఐదు రోజుల కష్టం. తీసేశాను. నిజం చెబుతున్నా, ప్రాణం లేచొచ్చింది.

రెండువందల పద్నాలుగో వరుస నింపాక, మూడు గంటల పది నిమిషాలకు పిన్ని సంతకం పెట్టింది. ముందు పెన్ను గీసి చూసుకుంది. సంతకం అయ్యాక కాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. మూడున్నరకు రక్తనిధివాళ్ల దగ్గర్నుంచి “అందింది, వివరంగా ఉంది” అని రెండు మాటలు వచ్చాయి. సోమవారం సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి మనుషుల్ని పంపమన్నారు. ఎవరో గట్టిగా ఈల వేశారు. అయిపోయిందన్న బయటికెళ్లి ముఖం కడుక్కుని వచ్చాడు. ఓనరు గారు “పిన్నిగారూ” అని ఫ్యాను వేగం పెంచారు.

నాలుగున్నరకు పిన్నీ నేనూ బస్సెక్కాం. కిటికీ పక్క సీటు ఆమెకిచ్చాను. రెండో స్టాపు దాటేసరికి ఆమె తల నా భుజం మీద వాలిపోయింది. నోరు కొంచెం తెరిచి, సన్నగా గురకపెడుతోంది. ఐదు రోజులుగా ఆమె సరిగ్గా కన్ను మూయలేదని పక్క గదిలో పడుకునే నాకు తెలుసు. మా స్టాపు వచ్చింది. లేపుదామని చెయ్యెత్తి దించేశాను. స్టాపు వెళ్లిపోయింది. ఇంకోటి వెళ్లిపోయింది. బస్సు ఖాళీ అయింది. చివరికి ఇంజను ఆగాక డ్రైవరు వెనక్కి తిరిగి “ఏం బాబూ, ఇక్కడే కాపురమా?” అన్నాడు.

పిన్ని ఉలిక్కిపడి లేచింది. “ఎక్కడున్నాంరా?”

“ఆఖరి స్టాపు.”

“లేపొచ్చుగా, వెధవా!”

“నిద్రపోతున్నావని.”

ఆమె కిటికీలోంచి చూసింది. మేం ఎప్పుడూ రాని చోటు, పెద్ద మైదానం, ఎండ ఇంకా ఉంది. తిట్లకోసం సిద్ధంగా కూర్చున్నాను.

“మళ్లీ ఎప్పుడు బయల్దేరుతుంది బాబూ?” అని డ్రైవర్ని అడిగింది.

“పావుగంట.”

“అయితే ఇక్కడే ఉంటాం” అని, చెప్పులు విప్పి కాళ్లు ఎదుటి సీటు మీద చాపుకుని, మళ్లీ కళ్లు మూసుకుంది.